ఏడో గూటి నీళ్ళు

చుట్టు 609, 30వ గంట

ఇది నా సొంత పుస్తకం. ఆఫీసులో ఉండేది కాపలా పుస్తకం. అందులో తిట్లూ ఏడుపులూ రాయకూడదట, అందుకని అవి ఇక్కడ రాసుకుంటాను.

ఏడో గూటి దాకా వెళ్ళి వచ్చాను. రానూ పోనూ పదిహేను గంటల బండి ప్రయాణం, నడుం పట్టేసింది. దారిలో చిక్కుకున్నవాళ్ళు తలదాచుకోడానికి కట్టిన గూళ్ళు ఇవి. రెండు పొరల గోడలు, మధ్యలో మూరెడు మందాన నీళ్ళు. ఆ నీళ్ళే ప్రాణం కాపాడేది, గోడలు ఉత్త రేకులు. వెళ్ళి చూద్దును కదా, గొట్టం అతుకు వదిలి నీళ్ళన్నీ కారిపోయి కింద మంచుపలక కట్టి ఉన్నాయి. అతుకు నేనే బిగించాను. నీళ్ళు పోయడం సరఫరా వాళ్ళ పని. కాపలా పుస్తకంలో "ఏడో గూట్లో నీళ్ళు నిండుకున్నాయి" అని రాసి సంతకం పెట్టి వచ్చి పడుకున్నాను.

చుట్టు 610, 8వ గంట

మా సరఫరా తవిటినాయుణ్ణి ఎప్పుడూ తిడతాను గానీ ఈసారి మెచ్చుకోవాలి. డ్యూటీకి వచ్చేసరికి గోడమీది బోర్డులో ఏడో గూటికి పచ్చబిళ్ళ తగిలించి ఉంది. ఇంత తొందరగా ట్యాంకు బండి ఎలా పంపాడో! తవిటినాయుడు ఒక పని మొదటిసారి చెప్పగానే చెయ్యడం నా ఎరికలో ఇదే.

పెద్ద గ్రహం చుట్టూ నలభై రెండు గంటలకో చుట్టు కొట్టే మా చందమామ ఈ గవ్వ. దీని మీద కంప్యూటర్లకి మతిమరుపు. ఆకాశం నుంచి కంటికి కనబడని సూదులు దూరి వాటి జ్ఞాపకాలు చెరిపేస్తాయి. అందుకే మాకు కాగితం, బోర్డు, మనిషి నోరు. కాపలా పుస్తకంలో రాసింది చదివి బోర్డు మీద బిళ్ళలు మార్చడం కొత్తగా వచ్చిన మాధురి పని. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పక్క చందమామ శంఖు మీది పెద్ద నగరంలో చదువుకుంది. బళ్ళో నేర్చుకున్న తెలుగు, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంటుంది. నన్ను "ఆసిరమ్మ గారూ" అంటుంది. గారూ బూరీ వద్దు, పిన్నీ అనమ్మా అంటే సిగ్గుపడుతుంది.

ఇవాళ ఆ పిల్ల చెవులకి హెడ్‌ఫోను పెట్టి పని నేర్పాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరికి ‘చెవి’ని నేను. ఆకాశంలో సగం ఆక్రమించుకుని కూర్చున్న మా గ్రహం, పెద్దాయన, ఆయన అయస్కాంతం చుట్టూ ఎలక్ట్రాన్లు గిరికీలు కొడుతూ ఉంటాయి. నక్షత్రం గాలి ఒక్క తోపు తోసిందంటే ఆ ప్లాస్మాలో అలలు లేస్తాయి. వాటిని మా పొడుగాటి తీగ పట్టుకుంటుంది, నేను వింటాను.

"పక్షుల కిలకిలలా ఉందండీ! ఎంత బాగుందో," అంది మాధురి.

"బాగుంటుంది. అదే చంపేది," అన్నాను.

పాపం, దాని ముఖం మాడిపోయింది. ఉయ్యాల ఊపడం తెలుసు కదా అని చెప్పాను. సరిగ్గా అది వెనక్కి వచ్చిన క్షణాన తోస్తే చిటికెన వేలు చాలు, ఎంత ఎత్తుకైనా లేపొచ్చు. ఈ పిట్టలు ఎలక్ట్రాన్లని అలా తోస్తాయి, ప్రతి గిరికీకి ఒక్క తోపు. ఆరేడు గంటలు తోసేసరికి అవి సూదులవుతాయి. బండి రేకుల్లోంచి, సూట్లలోంచి, మనుషుల్లోంచి దూరిపోతాయి. "మరి ఈ బుస్సుమనే శబ్దం? పాములా ఉంది," అంది. అది మంచిదమ్మా, దాన్ని బుస అంటాం, అది చీపురు, సూదుల్ని ఊడ్చి పెద్దాయన గాలిలోకి పారేస్తుంది అని చెప్పాను. పిట్ట చెడ్డది, పాము మంచిది అని ఆ పిల్ల చక్కగా రాసుకుంది.

చుట్టు 611, 3వ గంట

తీగ చివర తెగింది. సగం శబ్దాలు వినబడటం లేదు. మా ఆయన పోతురాజు, మంచు కోత పనిచేసే నూకరత్నం కలిసి బాగుచెయ్యడానికి బయల్దేరారు. తొమ్మిది గంటల దారి. నూకరత్నం మంచు కోసే రంపం కూడా బండిలో పడేసుకుంది. ఎందుకే అంటే, "రంపం నేకపోతే నాకు నిద్దర పట్టదు పిన్నీ," అంది.

నేను పోతురాజుతో మాట్లాడటం లేదు. నిన్న కూరలో ఉప్పెక్కువైందని ముఖం ముడుచుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళు నా చేతి కూర తిని ఇప్పుడు తెలిసిందేం ఉప్పు సంగతి? గుమ్మం దగ్గర నిలబడి, "ఓలె ఆసిరీ, ఎల్లొస్తానే," అన్నాడు. ఊఁ అన్నాను. ముఖం చూడలేదు.

చుట్టు 611, 14వ గంట

తీగ బాగయ్యింది. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు.

పిట్టలు. ఒకటీ రెండూ కాదు, కింది పిట్టలే గుంపులు గుంపులు. పై స్థాయిలో కూసేవి ఉత్త అల్లరి చేస్తాయి. కింది స్థాయిలో కూసేవే గట్టిగా తోసేవి. ఎప్పటినుంచి కూస్తున్నాయో కూడా తెలియదు, తీగ తెగి ఉంది కదా. గంట క్రితం మొదలయ్యాయనుకుంటే ఇంకా ఆరు గంటలుంది. వాళ్ళకి ఇంటికి తొమ్మిది గంటల దారి.

రేడియో అందుకున్నాను. మాట్లాడకూడదన్న పంతం ఎటుపోయిందో.

"మావా, పిట్టలు లేచేయి. పని ఆపీసి ఏడో గూటికి ఎల్లిపోండి."

"ఎన్ని గంటలుందే?"

"ఆరు. ఏడో గూడు గంటన్నర. బోర్డు మీద పచ్చగా ఉంది. తొందరగా కదులు."

"కదుల్తన్నాం. కోపం తగ్గిందేటి?" అని నవ్వాడు. ఇలాంటప్పుడు కూడా నవ్వే మనిషిని ఏం చెయ్యాలి?

చుట్టు 611, 16వ గంట

గూట్లోకి చేరారు. తలుపు బిగించుకున్నారు. నూకరత్నం అప్పుడే పడుకుని గురక పెడుతోందట. ఇప్పుడు నాకు ఆకలేసింది. హెడ్‌ఫోను మాధురికిచ్చి, రెండు ముద్దలు తిని, తవిటినాయుడికి ఒక మంచి మాట చెప్పి వస్తాను. మంచి పని చేసినప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెయ్యడు.

చుట్టు 611, 17వ గంట

రాయకపోతే పిచ్చెక్కేట్టుంది.

తవిటినాయుడి దగ్గరికెళ్ళి, "నాయుడూ, ఏడో గూటికి నీళ్ళు పంపి పుణ్యం కట్టుకున్నావు," అన్నాను. ఆయన తాగుతున్న టీ ఆపి నా వంక చూశాడు.

"ఏ నీళ్ళు? ఏడో గూటికి బండెప్పుడు పంపేను? ముప్ఫై చుట్లయి ట్యాంకు బండి షెడ్డు దాటనేదు."

పరిగెత్తుకుంటూ వచ్చాను. బోర్డు మీద పచ్చబిళ్ళ నవ్వుతోంది. మాధురిని అడిగాను, ఇది ఎవరు పెట్టారని. నేనే అంది. ఎవరు చెప్పారంటే కాపలా పుస్తకం తెచ్చి, నా రాతే, నా సంతకమే చూపించింది.

"‘ఏడో గూట్లో నీళ్ళు నిండుకున్నాయి’ అని మీరే రాశారు కదండీ. నిండాయి అంటే పూర్తిగా ఉన్నాయనే కదా?"

ఆ పిల్లని ఏమని తిట్టను? శంఖు నగరంలో ఏదీ అయిపోదు, గొట్టం తిప్పితే వస్తుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజు దానికి తెలియదు. మా అమ్మ ముందు ఒకసారి "బియ్యం లేవు" అన్నానని మూతి మీద కొట్టింది. లేవు అనకూడదు, అయిపోయాయి అనకూడదు, తథాస్తు దేవతలు వింటారు, నిండుకున్నాయి అనాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదే అనేది. ఏభై రెండేళ్ళు నేను అలాగే అన్నాను. డబ్బా ఖాళీ అయితే నిండుకుంది. నూనె ఖాళీ అయితే నిండుకుంది. మనుషుల ప్రాణాలు నిలిపే గోడ ఖాళీ అయినా, నిండుకుంది అనే రాశాను. నా మంచి నోరు మండిపోను.

"పిన్నీ, అంటే ఖాళీయా?" అంది మాధురి. మొదటిసారి పిన్నీ అంది. ఏడుస్తోంది.

చుట్టు 611, 17వ గంట దాటింది

ఒకవేళ ఏదో మూల కొంచెమైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. పోతురాజుని గోడ మీద కొట్టి మైకు దగ్గర పెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. కొట్టాడు. డొల్ల. నాలుగు గోడలూ కొట్టాడు, నాలుగూ డొల్లే. ఖాళీ డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు మోగాయి.

"నీళ్ళు నేవేటే?"

"నేవు మావా. తప్పు నాదే. తరవాత తిట్టు. మూడు గంటలుంది, ఇంకా తక్కువే అనుకో. బయటికొచ్చి మంచులో గొయ్యి కొయ్యండి. మంచు కూడా నీళ్ళే. ఇద్దరూ అందులో దూరి పైన దిమ్మలు కప్పుకోండి."

"ఇద్దరికి గొయ్యంటే నాలుగ్గంటల పని," అని నూకరత్నం గొంతు వినిపించింది. నిద్రలోంచి లేచినట్టు లేదు, పనిలోకి దిగిన గొంతు. "మాటలు సాలు, రంపం తే బాబాయ్."

ముందు నుయ్యి వెనక గొయ్యి అని సామెత. మాకిప్పుడు ఆ గొయ్యే దిక్కు.

చుట్టు 611, 19వ గంట

ఒక చెవిలో పిట్టలు, ఇంకో చెవిలో రంపం. రెండు గంటలుగా ఇదే.

నేను చెయ్యగలిగింది వినడమొక్కటే. ఎక్కడ బుస లేస్తుందా అని చూస్తున్నాను. లేదు. కూతలు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. ఒక కూత ముగియకుండానే ఇంకోటి అందుకుంటోంది. గొయ్యి నడుం లోతయ్యిందట. వెడల్పు ఒక మనిషికి సరిపోతుంది, రెండో మనిషికి ఇంకా కొయ్యాలి. గవ్వ మీద మంచు రాయి లాంటిది, రంపం పళ్ళు అరిగిపోతున్నాయని నూకరత్నం తిడుతోంది. ఆ తిట్లు వింటుంటే ధైర్యంగా ఉంది. తిట్టే మనిషి బతికే ఉంటుంది.

మాధురి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తియ్యమనలేదు.

చుట్టు 611, 20వ గంట

రేడియోలో పట్‌పట్‌మని చిటపటలు మొదలయ్యాయి. సూదులు వచ్చేశాయి. నేను చెప్పినదానికి కాస్త ముందే వచ్చాయి.

"లోపలికి దూరండి! ఇద్దరూ!" అని అరిచాను.

"రత్నాన్ని దింపీసేను. కప్పు ఏస్తన్నాను," అన్నాడు.

"లోపల్నుంచి లాక్కోవచ్చు కదా!"

"దిమ్మ బరువే. లోపల్నుంచి లాగితే రాదు. ఇంకో నాలుగు దిమ్మలు, దూరిపోతాను."

లెక్కపెట్టాను. ఒక్కో దిమ్మకి ఐదు నిమిషాలు. మావా నీకు దండం పెడతాను దూరిపో అన్నాను. ముప్ఫయ్యేళ్ళలో ఆయనకి నేను దండం పెట్టడం అదే మొదలు.

"ఇంకో దిమ్మే," అన్నాడు. ఆ తరవాత చిటపటలే. తరవాత అవీ లేవు, రేడియో పోయింది.

చుట్టు 611, 36వ గంట

బుస. సన్నగా మొదలై, ఇప్పుడు గది నిండా బుస. ఊడ్చు తల్లీ, ఊడ్చు.

పదహారు గంటలు కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు దారి నడవడానికి వీలు. మా బళ్ళు తోలే చిన్నంనాయుడు మరో ముగ్గురితో పెద్ద బండి తీసుకుని వెళ్ళాడు. రావాలంటే రేపటి మాటే. చిన్నంనాయుడు నా వంక చూసి, "తెస్తాను పిన్నీ," అన్నాడు. ఇద్దరినీ బతికే తెస్తానని అనలేదు. నాకర్థమైంది.

చుట్టు 612, 14వ గంట

వచ్చారు. ఇద్దరూ నడిచే దిగారు. పోతురాజు నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను, పాలెం అంతా చూస్తుండగా.

ఒంటికి కట్టుకునే తెల్లపట్టీ సూదులు తగిలిన కొద్దీ నల్లబడుతుంది. నూకరత్నం పట్టీ బూడిద రంగులో ఉంది. పోతురాజుది చూశాను. బొగ్గు.

డాక్టరు కామాక్షి చాలాసేపు రక్తాలు చూసింది. బయటికొచ్చి, "చూద్దాం అమ్మా, దేవుడున్నాడు," అంది.

"తల్లీ, ఆ మాట నాకొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

"ఎముకల్లో మూలుగ దెబ్బతింది. ఏడాది. ఇంకో రెండు మూడు నెలలు అటూ ఇటూ," అంది.

చుట్టు 612, 23వ గంట

పిట్టలు మళ్ళీ లేచాయి. గంట క్రితం మొదలయ్యాయి. ఈసారి తీగ బాగుంది కాబట్టి మొదటి కూత నుంచీ విన్నాను. చిన్నంనాయుడి వాళ్ళు నలుగురూ ఆగకుండా ట్యాంకు బండి తోలుకుని ఏడో గూటికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళారు, ఎనిమిది గంటలైంది. ఏడో గూట్లో గొట్టం గడ్డకట్టుకుపోయిందని నీళ్ళు పొయ్యకుండానే వెనక్కి తిరిగారట. దారిలో ఐదో గూడు దగ్గరవుతుంది, అక్కడికి పొమ్మన్నాను. బోర్డు చూసే చెప్పాను, పచ్చబిళ్ళ. మాధురి ఏడో గూటి బిళ్ళని ఎర్రది చేసింది. తప్పు ఎక్కడుందో దొరికింది కదా అని తవిటినాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాను.

ఇప్పుడింటికి వెళ్ళి ఆయనకి అన్నం పెట్టి, చెప్పాలి. ఏడాది అని చెప్పాలి. ఎవరివల్లో కూడా చెప్పాలి.

చుట్టు 612, 26వ గంట

ఇది రేడియో ముందు, మాధురి పక్కన కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఉండాలి.

అన్నం పెట్టాను. ఉప్పు చూసి వేశాను. సగం తిన్నాక చెప్పాను. కామాక్షి అన్న మాట అన్నట్టే చెప్పాను. ఏడాది, మావా. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు, పళ్ళెంలోనూ పెట్టలేదు. చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"సరేలే. ఏడాదంటే తక్కువేటి, రెండొందల పైన చుట్లు," అన్నాడు చివరికి.

అప్పుడు ఆ మాట సంగతి చెప్పాను. కాపలా పుస్తకం, నా సంతకం, నిండుకున్నాయి. నన్ను కొట్టు మావా, తిట్టు, ఏదో ఒకటి చెయ్యి అన్నాను. ఏడుస్తున్నాను. ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"ఎర్రిదానా. నాను నిన్నేటని తిట్టేది? నానైనా అదే రాద్దును."

ఆ మాటకి నా గుండె కరిగిపోయింది. ఆయన మాత్రం నవ్వు ఆపేశాడు. చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది.

"ఆసిరీ. రాసేను కూడానే."

"ఏటి?"

"మొన్న తీగ సూడ్డానికెల్లి వస్తన్నప్పుడు, ఇరవై చుట్ల కిందట. ఐదో గూటి గోడ కొట్టి సూసేను. వచ్చి పుస్తకంలో రాసేను. అదే మాట రాసేను."

ఎంగిలి చేత్తోనే లేచాడు. నేను అప్పటికే వీధిలో ఉన్నాను.

మాధురి పుస్తకం వెనక్కి తిప్పింది. చుట్టు 592. ఆయన మోటు రాత. ఐదో గూడు, నీళ్ళు నిండుకున్నాయి. పక్కన మాధురి పెట్టిన చిన్న టిక్కు. ఐదో గూట్లో ఇప్పుడు నలుగురు. పిట్టలు లేచి నాలుగు గంటలు.

రేడియో మాధురి చేతిలోంచి లాక్కున్నాను.

"చిన్నంనాయుడూ, లెగు. ఆ గోడలో నీళ్ళు లేవు."

అటునుంచి నిద్రగొంతు. "ఏటి పిన్నీ, శుభమా అని పడుకుంటే అలాటి మాటంటావు? ‘నేవు’ అనకూడదు."

"అంటాను. నీళ్ళు లేవు. చుక్క లేదు. ఖాళీ. వింటన్నావా? ఖాళీ. నీ ట్యాంకు బండిలో ఉన్న నీళ్ళన్నీ ఇప్పుడే ఆ గోడలో పొయ్యి."

నలుగురూ ఒకేసారి లేచి పరిగెత్తిన చప్పుడు, గొట్టం ఈడుస్తున్న చప్పుడు.

గుమ్మంలో పోతురాజు నిలబడి ఉన్నాడు, చెయ్యి ఇంకా కడుక్కోలేదు. మాధురి కాపలా పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది, ప్రతి మాటకీ ఆగి, దీనికి అర్థమేంటి పిన్నీ అని అడుగుతూ.